మా ఇద్దర్ని లేపుండ్రి

కొత్తపేట మెయిన్‌రోడ్డు మీది ఆ డయాగ్నస్టిక్ సెంటర్‌లో సోమవారం పొద్దున సర్వర్ ఆగిపోయింది. అప్పటికి కౌంటర్ ముందు హాలు నిండిపోయి ఉంది. సగం మంది షుగరు పరీక్షకని పరగడుపున వచ్చినవాళ్ళు. ఆకలితో ఉన్నవాళ్ళకు ఓపిక ఉండదని కౌంటర్‌లో కూర్చునే కృష్ణకుమారికి బాగా తెలుసు.

కౌంటర్ వెనక కుర్చీలు రెండు. రెండో కుర్చీలో కూర్చునే అమ్మాయి ఎండాకాలంలో మానేసింది. ఇంకొకరిని పెట్టమని కృష్ణకుమారి అడిగిన ప్రతిసారీ ఓనరు ప్రసన్నకుమార్ "చూద్దాం అమ్మా" అనేవాడు. వానాకాలం కూడా అయిపోయింది. ఆ కుర్చీలో ఇప్పుడు ప్రింటర్ కాగితాల డబ్బాలు ఉంటున్నాయి. టోకెన్లు ఇవ్వడం, పేర్లు ఎక్కించడం, బిల్లులు కొట్టడం, ఫోన్లు ఎత్తడం, రిపోర్టు ఇంకా రాలేదని తిట్లు తినడం, అన్నీ ఆమెవే.

ఆ నెల ఆమెకు నెలసరి మొదలై రెండో వారంలో పడినా ఆగలేదు. నలభై మూడేళ్ళు వచ్చాయి, ఈ వయసులో ఇట్లాగే ఉంటుందిలే అనుకుని డ్యూటీకి వస్తూనే ఉంది. ఆ పొద్దున ఏడింటికి కుర్చీలో కూర్చున్న మనిషి పది దాటినా లేవలేదు. ఒకసారి లేవబోతే ముందున్నాయన అద్దం మీద చేత్తో కొట్టి, "ఏడికి పోతున్నవమ్మా? మేం మనుషుల లెక్క కనబడ్తలేమా?" అన్నాడు. మళ్ళీ కూర్చుంది.

సర్వర్ ఆగాక ఇక చేసే పని లేదు, ఒక్క ఐదు నిమిషాలు లోపలికి వెళ్ళొస్తానని లేచింది. లేచాక కుర్చీ చూసింది. మెత్త తడిసిపోయి ఉంది. వెనక చీర ఎట్లా ఉండి ఉంటుందో చూసుకోనవసరం లేదు. బాత్రూం హాలుకు ఆ చివర ఉంది. అక్కడికి వెళ్ళాలంటే ఇంతమందికీ వీపు చూపించుకుంటూ నడవాలి. ఆమె కౌంటర్ పక్క తలుపు తీసుకుని గోడకు వీపు ఆనించుకుని రెండడుగులు జరిగింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. గోడ మీదుగా అట్లాగే జారి నేల మీద కూర్చుండిపోయింది.

అద్దం మీద కొట్టినాయన వంగి, "ఏమైందమ్మా? మా బిల్లు సంగతేంది?" అన్నాడు.

ఆమె నోటికి ఏది వస్తే అది అన్నది.

"సర్వర్ డౌనయింది. నేను గూడ డౌనయిన. ఎవలన్నొచ్చి మా ఇద్దర్ని లేపుండ్రి."

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. వెటకారం నవ్వు కాదది. అప్పటిదాకా కోపంగా ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నవ్వుతున్నారే తప్ప ఎవరూ ముందుకు రాలేదు. నవ్వులు విని లోపల్నించి వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ మహిపాల్ ఒక్క చూపులో సంగతి గ్రహించాడు. ఒంటి మీది ఏప్రన్ విప్పి ఆమె నడుముకు చుట్టి లోపలికి తీసుకుపోయాడు. ఆమె చేతి నుంచి రక్తం తీసి తానే పరీక్ష చేశాడు. పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడు దగ్గర ఉంది.

"అక్కా, నువ్వు ఇయ్యాల ఇంటికి పో. గీ నంబరుతోని ఎట్ల కూసున్నవక్కా?"

"కౌంటర్‌ల ఎవరున్నరు మహిపాల్?"

ఇంతలో సర్వర్ వచ్చింది. ఆమె మహిపాల్ తెప్పించిన చాయ్ తాగి, కుర్చీ మెత్త కడిగి, దాని మీద పాత పేపర్లు పరుచుకుని మళ్ళీ కూర్చుంది. మధ్యాహ్నం ప్రసన్నకుమార్ ఫోన్ చేసి, "ఎలా ఉందమ్మా? లైను క్లియర్ అయిందా?" అని అడిగాడు. మొదటి ముక్క తన గురించేమో అనుకుంది గానీ, రెండోది వినగానే కాదని అర్థమైంది.

బుధవారం నుంచి మనుషులు ఆమెను వేరేగా చూడటం మొదలుపెట్టారు. బిల్లు తీసుకుంటూ ఒక ఆవిడ ఫోన్ వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకో అబ్బాయి, "ఆంటీ, ఇయ్యాల లేచిండ్రా ఇద్దరు?" అని అడిగి నవ్వుకుంటూ పోయాడు. ఆమెకేమీ అర్థం కాలేదు.

సాయంత్రం గడ్డిఅన్నారంలో తాము కిరాయికి ఉండే ఇంటికి చేరాక కూతురు సౌజన్యను అడిగింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆ పిల్ల ముందు తెలియదన్నది. తల్లి అట్లాగే చూస్తూ నిలబడితే ఫోన్ తీసింది.

అందులో కృష్ణకుమారి ఉంది. గోడ మీదుగా జారింది. ఆ మాట అన్నది. వెనక ఎవరో డప్పు వాయించినట్టు ఒక మోత కలిపారు. అంతే, మళ్ళీ మొదలు. మళ్ళీ జారింది, మళ్ళీ అన్నది.

"ఇంక ఉన్నయా?"

"చానా ఉన్నయి మమ్మీ."

సౌజన్య ఒక్కొక్కటే చూపించింది. నెలాఖరున లోను కంతు కట్టే తారీఖు కింద ఆమె ముఖం. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు ఆమె ముఖం. గ్యాస్ సిలిండర్ అయిపోయిన వంటింట్లో ఆమె గొంతు. ఎల్బీనగర్ చౌరస్తాలో వానకు ఆగిపోయిన బండ్ల మీద ఆమె గొంతు. ఎవరో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆఫీసులో వరసగా గోడకు ఆనుకుని జారుతూ ఆ మాటే అంటున్నారు. వాట్సాప్‌లో పంపుకునే బొమ్మ కూడా అయింది. కొంగు భుజం మీంచి జారి, నోరు కొంచెం తెరుచుకుని ఉన్న ఆమె బొమ్మ.

"నీకెప్పుడు తెలుసు?"

"నిన్ననే. మా క్లాస్ గ్రూపులొచ్చింది. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

"నా తల్లి అని చెప్పినవా వాల్లకు?"

సౌజన్య తల వంచుకుంది.

అప్పుడే ఆమె భర్త శేఖర్ వచ్చాడు. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళు ఇంటి దగ్గరే పని దొరికేది. మార్కెట్ తరలిపోయాక ట్రాలీ ఆటో కొనుక్కుని ఊరి చుట్టూ తిరుగుతున్నాడు. సంగతి వినగానే ముఖం వికసించింది.

"నువ్వు గిప్పుడు చూసినవా? నేను పొద్దుగాలనే స్టేటస్ పెట్టిన. మా స్టాండుల అందరు నిన్ను చూసి ఒక్కటే నవ్వుడు. నీ భార్య హీరోయిన్ అయిందన్నరు."

"నవ్విండ్రా?"

"మస్తు నవ్విండ్రు. మంచి మాటన్నవే, నిజంగ. మాకందరికి గట్లనే ఉంటది కద రోజు."

"నేను ఆడ ఎందుకు కూసున్ననో తెలుసా నీకు?"

"పని ఎక్కువై..."

"నువ్వు సోమవారం రాత్రి దండెం మీద చీర చూడలేదా? బకెట్ల నానబెట్టింది చూడలేదా? దవాఖానకు పోవాలె, తోడు రమ్మంటే ఆదివారం చూద్దామన్నవు. నీ స్టేటస్ చూసెతందుకు మాత్రం టైమున్నది అందరికి."

శేఖర్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఫోన్ తీసి స్టేటస్ తీసేశాడు. ఆమె ఆ రాత్రి అతనితో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. గిన్నె నేల మీద పెట్టిన చప్పుడుకు పక్క వాటా వాళ్ళు కూడా తలుపు తీసి చూశారు.

వారం తిరిగేసరికి ప్రసన్నకుమార్ స్వయంగా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. కోప్పడతాడేమో అనుకుంది. అతను స్వీటు డబ్బా తెచ్చాడు. సెంటర్ పేరు కనుక్కుని మరీ జనం వస్తున్నారట. మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి మెట్రో పిల్లర్ల వైపు తిరిగి ఉన్న సెంటర్ ముందు గోడ మీద పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో నేల మీద కూర్చుని కృష్ణకుమారి. పక్కన 'మీరు డౌన్ అయితే మేము లేపుతాం! ఫుల్ బాడీ చెకప్‌పై భారీ తగ్గింపు' అని రాసి ఉంది.

ఆమె రోడ్డు మీద నిలబడి కిందినుంచి పైకి చూసింది. బొమ్మలో తన కాళ్ళే తన కంటే పొడుగ్గా ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే బస్సులో కిటికీ పక్క కూర్చున్న ఒకామె ఆ బొమ్మను పక్కామెకు చూపిస్తోంది. కృష్ణకుమారికి అప్పటిదాకా సిగ్గుగా ఉండింది. ఆ క్షణం నుంచి సిగ్గు పోయింది. కోపం మిగిలింది. ఇంత జనంలో ఒక్కరికి కూడా, ఈ మనిషి ఎందుకు కింద కూర్చుంది అని అడగబుద్ధి కాలేదా?

ఆ వారంలోనే ఆ వీడియో తీసిన కుర్రాడు దొరికాడు. దొరకడం కాదు, తనే వచ్చాడు. పేరు అభిరామ్. రాజమండ్రి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నాడు. సైదాబాద్‌లో ఉండే వాళ్ళ అమ్మమ్మను తరచూ షుగరు పరీక్షకు తీసుకొస్తాడు. సర్వర్ ఆగిన ఆ సోమవారమూ తీసుకొచ్చాడట. ఈసారి అమ్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, జనం పల్చబడ్డాక కౌంటర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"మేడం, ఆ వీడియో నేనే తీశానండి. చెప్పకుండా ఉండలేకపోయాను. సారీ అండి."

కృష్ణకుమారి చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఎందుకు తీసినవ్?"

"ఎగతాళికి కాదండి, ఒట్టు. అంతకు ముందు రోజే నాకు రిజల్ట్ వచ్చింది. మూడోసారి కూడా పోయింది. ఇంట్లో చెప్పలేదు. మీరు ఆ మాట అన్నారు చూడండి, అది నా గురించే అన్నట్టు అనిపించింది. మా రూములో వాళ్ళకి పంపాను, అంతే. వాళ్ళందరికీ కూడా వాళ్ళ గురించే అనిపించింది. అక్కణ్ణుంచి ఎటు పోయిందో నాకే తెలీదు. నా ఫోన్లోంచి తీసేశాను కానీ..." ఆ పిల్లవాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మిమ్మల్ని చూసి ఎవరూ నవ్వట్లేదండి. వాళ్ళని చూసి వాళ్ళు నవ్వుకుంటున్నారు."

ఆ మాట ఆమెకు అర్థమైంది. అర్థమైనందుకే ఇంకా మండింది.

"నీ గురించే అనిపించిందా? మరి నీలాంటి మనిషే కింద పడితే ఏం చేయాలె? నేను లేపుండ్రి అన్న. నువ్వు ఫోను లేపినవ్."

ఆమె పెన్ను కింద పెట్టింది.

"అందరికి వాల్ల వాల్ల బాధ యాదికొచ్చింది. మంచిది. నవ్వుకున్నరు, పంపుకున్నరు, పానం జర తేలికైంది. తెల్లారి మల్ల అదే ఆఫీసు, అదే లైను, అదే తిట్లు. నా బాధ గింతమందికి మందు లెక్క పనికొచ్చింది. నాకేమొచ్చింది బిడ్డా? నేను ఇంక గీ కుర్చీల్నే ఉన్న. పక్క కుర్చీల ఇంక డబ్బాలే ఉన్నయి."

"నేనేం చెయ్యగలనండి ఇప్పుడు?"

"రిజల్ట్ సంగతి ఇంట్ల చెప్పు ముందు. పో, మీ అమ్మమ్మ టోకెన్ పిలుస్తున్నరు."

అతను వెళ్ళాక, పిల్లవాడి మీద అంత గట్టిగా అరవాల్సింది కాదేమో అనుకుంది. ఆ కోపం చేరవలసిన చోటికి ఇంకా చేరలేదని కూడా తెలుసు.

రెండు రోజులకే ఆ చోటు దగ్గరికి వచ్చింది. పొద్దున తొమ్మిదింటికి, హాలు కిటకిటలాడుతుండగా, ప్రసన్నకుమార్ ఒక కెమెరా కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. గుండ్రటి లైటు ఒకటి తెచ్చి గోడ పక్క నిలబెట్టారు.

"కృష్ణకుమారి గారూ, చిన్న రీల్ చేద్దాం. మొన్నటి దానికి రెండో భాగం అన్నమాట. అదే గోడ దగ్గర అలాగే జారి కూర్చోవాలి. ఆ మాటే అనాలి. అప్పుడు మన స్టాఫ్ వచ్చి లేపుతారు. బాగా కనెక్ట్ అవుతుంది. నేచురల్‌గా ఉండాలి, మొన్నటిలాగే."

"మొన్నటి లెక్కనేనా సార్?"

"అంతే, అంతే."

ఆమె కౌంటర్ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. గోడ దగ్గరికి పోయి నిలబడింది. కెమెరా కుర్రాడు లైటు వేశాడు. లైనులో వాళ్ళు కూడా ఫోన్లు పైకెత్తారు.

"నేను మొన్న ఎందుకు కూసున్ననో తెలుసా సార్ మీకు?"

"వర్క్ టెన్షన్‌లో..."

"నెత్తురు పోతుండె సార్. మూడు గంటలు కుర్చీల్నించి లేవనియ్యలే నన్ను. కుర్చీ తడిసింది, చీర తడిసింది. ఎనక మరక కనబడొద్దని గోడకానుకున్న. కండ్లు తిరిగినయి, కూలబడ్డ. మీ ల్యాబులనే చూసిండ్రు, నా ఒంట్ల నెత్తురు సగమే ఉన్నది. గిప్పుడు చెప్పుండ్రి, మొన్నటి లెక్క ఎట్ల చేయాల్నో. మల్ల చీర తడుపుకోవాల్నా?"

పైకెత్తిన ఫోన్లు కొన్ని కిందికి దిగాయి. కొన్ని దిగలేదు.

ప్రసన్నకుమార్ ముఖం ఎర్రబడింది. "ఇవన్నీ అందరి ముందూ ఎందుకమ్మా? లోపల మాట్లాడుకుందాం."

"నా మొఖం అందరి ముందే కద సార్ ఏలాడదీసిండ్రు. లోపల ఎన్నిసార్లు మాట్లాడలే? ఇంకో మనిషిని పెట్టుండ్రి అని ఎండకాలం నుంచి అడుగుతున్న. చూద్దామన్నరు. ఫ్లెక్సీకి మాత్రం ఒక్క రాత్రి సరిపోయింది."

"మీకు ఇక్కడ అంత ఇబ్బందిగా ఉంటే..." అతను వాక్యం పూర్తి చేయలేదు.

"తీసేస్తరా? తీసేయుండ్రి. బయట గోడ నిండ నేనే ఉన్న. వచ్చెటోల్లు అందరు ఈమె ఏది అని అడుగుతరు. మీరేం చెప్పుకుంటరో చెప్పుకోండ్రి. నేను గూడ రోడ్డు మీద నిలబడి చెప్త, ఆమె ఎందుకు కూసున్నదో. అది గూడ పంపుకుంటరేమో చూద్దాం."

లైనులోంచి ఒకాయన, "మీ మీ లొల్లి తర్వాత పెట్టుకోండి, మాకు డ్యూటీలున్నయి" అన్నాడు. అతని వెనక నిలబడ్డ ముసలావిడ అతని వైపు చేయి విదిలించి, "ఊకో అయ్యా. నువ్వు పో బిడ్డా, నీళ్ళు తాగి రా. మేమాగుతం" అన్నది.

కృష్ణకుమారి నడుచుకుంటూ బాత్రూంకు పోయింది. తలుపు వేసుకుని కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. భయంతో కాదు. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద గొంతు కావలసి వచ్చినందుకు. తిరిగి వచ్చేసరికి లైటూ లేదు, కెమెరా కుర్రాడూ లేడు. కౌంటర్‌లో మహిపాల్ కూర్చుని, ఒక్క వేలితో పేర్లు ఎక్కిస్తూ తంటాలు పడుతున్నాడు.

మర్నాటికి ఫ్లెక్సీ తీసేశారు. ఆ వారం చివర్లో ప్రింటర్ డబ్బాలు నేల మీదికి దిగాయి. రెండో కుర్చీలోకి తేజస్విని అనే అమ్మాయి వచ్చింది. శేఖర్ మళ్ళీ ఆదివారం అని వాయిదా వేయకుండా తనే సైదాబాద్‌లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. స్కానింగ్ చేస్తే గర్భసంచిలో గడ్డలు ఉన్నాయని తేలింది. మందులు రాశారు, రెండు నెలలు చూసి ఆపరేషన్ సంగతి చెప్తామన్నారు. గెలిచానేమో అనుకుంది ఆమె. పదకొండింటికి లేచి బయటికి పోయి చాయ్ తాగి రావడం కూడా అలవాటు చేసుకుంది.

ఒక పొద్దున తేజస్వినితో మాట కలిపింది. "కొత్త ఉద్యోగమా అమ్మా నీకు? పని బాగ తెలుసు నీకు."

"కొత్తేం కాదండి. నేను మన ఎల్బీనగర్ బ్రాంచిలో చేసేదాన్ని. సారే ఇటు వెయ్యమన్నారు."

"మరి ఆడ?"

"ఇంద్రాణి గారు ఉన్నారండి." తేజస్విని బిల్లు కొడుతూనే చెప్పింది. "ఇప్పుడు ఆవిడ ఒక్కరే."

కృష్ణకుమారికి సంగతి అర్థమైంది. ఓనరు కొత్త మనిషిని పెట్టలేదు. ఇక్కడి ఖాళీని అక్కడికి తోశాడు. ఆమె ప్రసన్నకుమార్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. కట్ చేశాడు. కౌంటర్ తేజస్వినికి అప్పగించి బయటికి వచ్చి, మెట్రో పిల్లరు నీడలో నిలబడి ఎల్బీనగర్ బ్రాంచి నంబరు కలిపింది.

"చెప్పండి, తొందరగా, లైనుంది" అన్నది అవతల ఆడగొంతు. వెనక జనం గోల వినిపిస్తోంది.

"ఇంద్రాణీ, నేను కొత్తపేట కృష్ణకుమారిని. పొద్దున్నుంచి కుర్చీల్నించి లేచినవా?"

అవతల బిల్లు కోసం ఎవరో అరుస్తున్న గోలే జవాబుగా వినిపించింది.

"లే. పది నిమిషాలు లేచి పో. ఎవరన్న అడిగితే నా పేరు చెప్పు."

"మీకేం అక్కా, మీ మొఖం లోకమంత తెలుసు. సార్ భయపడ్డడు. నన్నెవరికి తెలుసు? నేను లేస్తే రేపటికెల్లి ఇంకొకల్లు కూసుంటరు."

రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అవతల ఎవరో అద్దం మీద చేత్తో కొడుతున్నారు, ఫోన్లో చక్కగా వినిపిస్తోంది.

"ఆదివారం నీకు ఎన్నింటికి అయిపోతది డ్యూటీ?"

"ఒంటిగంటకు. ఎందుకక్కా?"

"నేనూ మహిపాలూ వస్తం. ముగ్గురం కూసొని మాట్లాడుదం. ఇంక మీ ల్యాబు పిల్లలున్నరు కద, వాల్లను గూడ ఆగమను. అందరం కలిసి పోదాం ఆయన దగ్గరికి. గీసారి లోపల మాట గాదు, మనకేం గావాల్నో కాయిదం మీద రాసుకొని పోదాం."

"వాల్లొస్తరో రారో అక్కా."

"రాకుంటే నేనడుగుత. నువ్వు ఉంటవా ఉండవా? గది చెప్పు."

ఇంద్రాణి జవాబు చెప్పే లోపల అద్దం మీద దెబ్బ మళ్ళీ పడింది. "వస్తున్నమ్మా, ఒక్క నిమిషం" అని ఎవరికో చెప్పి, ఫోన్లోకి తగ్గు గొంతుతో, "ఉంట" అన్నది.